పెద్ద మిషన్ కోసం పెందుర్తి దాకా

మంగళవారం ఉదయం ఆరుంబావుకి విజయవాడలో బండెక్కాను. టిక్కెట్టు మా సారే తీయించారు. కూర్చునే సీటు, ఎడమవైపు కిటికీ పక్కన. విశాఖపట్నం వెళ్ళదలచినవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. పగటి బండిలో ఎడమవైపు సీటు దొరికితే వదులుకోవద్దు. తుని దాటిన దగ్గర్నుంచి కొండలు మనతోపాటే వస్తుంటాయి, ఎండ కూడా తక్కువ.

నేను మాత్రం కొండలు చూడటానికి వెళ్ళలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ప్లాస్టిక్ బకెట్లు పోసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. అంతకుముందు తొమ్మిదేళ్ళు విశాఖ పక్కన పెందుర్తి దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో పనిచేశాను. అక్కడ పెయింటు కంపెనీలకి డబ్బాలు, మూతలు పోసేవాళ్ళం. మా ఆయనకి విజయవాడలో పని దొరికాక ఇటు వచ్చేశాం. పన్నెండేళ్ళయింది. పెందుర్తి ఫ్యాక్టరీ ఆగిపోయిందని ఎవరో అంటే విన్నాను గానీ, సరిగ్గా ఏం జరిగిందో తెలియదు.

ఆదివారం సారు పిలిచి చెప్పారు. “ఈశ్వరమ్మా, మనకో పెద్ద మిషన్ వస్తోంది. సెకండ్ హ్యాండ్‌దే, కానీ బాగుంది. దాన్ని నడిపేవాడు మన దగ్గర లేడు. మీ పాత కంపెనీలో అప్పలనాయుడని మంచి ఆపరేటర్ ఉన్నాడట. నీకు తెలుసా?”

“తెలుసు సార్. నాకు తమ్ముడిలాంటివాడు.”

“ఇంకేం మరి, వెళ్ళి తీసుకొచ్చెయ్. మంచి జీతమే ఇద్దాం.”

మిషన్ ఎక్కడినుంచి వస్తోందని నేను అడగలేదు. అడగాలని తోచలేదు. పని పోయినవాడికి పని ఇప్పించబోతున్నానన్న సంతోషంలో ఉన్నాను.

రాజమండ్రిలో ఎనిమిదీ ముప్పావుకి ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ పలచన, ఇడ్లీ వేడి. నా పక్క సీటులో తుని ఆయన, ప్లాస్టిక్ సామాన్ల కొట్టు యజమాని. నేను చేసే పని తెలిశాక ఆయన నన్ను వదల్లేదు.

“పెందుర్తి ఫ్యాక్టరీయా? అది మూతపడటానికి కారణం ఒకటేనమ్మా. పెయింటు కంపెనీలు ఇప్పుడు డబ్బాలు సొంతంగా పోసుకుంటున్నాయి. బయటవాళ్ళకి ఆర్డర్లు ఎందుకిస్తారు?” అన్నాడు. అంత ధీమాగా చెప్పాడు కాబట్టి నేను నమ్మాను. తునిలో ఆయన దిగిపోయాక ఎదుటి సీటు కుర్రాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, “అది కాదండి, ప్లాస్టిక్ బ్యాన్ చేశారు కదా, అందుకే” అన్నాడు. బ్యాన్ చేసింది పల్చటి సంచుల్నీ గ్లాసుల్నీ, పెయింటు డబ్బాల్ని కాదని చెప్పబోయాను. అతను మళ్ళీ చెవులు మూసుకున్నాడు.

దువ్వాడలో అవతలి కిటికీలోంచి దూరంగా స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. పన్నెండూ నలభైకి విశాఖలో దిగాను. స్టేషన్ బయట ఆటోవాళ్ళు చుట్టుముడతారు. తొందర లేకపోతే వాళ్ళని దాటుకుని, షేర్ ఆటోలో బస్సు కాంప్లెక్సుకి వెళ్ళడం మేలు. అక్కడినుంచి పెందుర్తికి పది పదిహేను నిమిషాలకో సిటీ బస్సు ఉంటుంది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కొంతసేపు ఆగిపోవడం మామూలే. గోపాలపట్నం, వేపగుంట దాటి పెందుర్తిలో దిగేసరికి రెండయింది. కండక్టర్‌ని అడ్రసు అడుగుతుంటే నా నోట్లోంచి నా పాత యాస వచ్చేసింది. నాకే నవ్వొచ్చింది.

బస నాకు రూతక్క ఇంట్లో. రూతక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను ఫ్యాక్టరీలో చేరిన రోజున డబ్బా అంచుకి మిగిలిన ప్లాస్టిక్‌ని కత్తితో ఎలా గీరాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆమే. భర్త చనిపోయాడు, పిల్లలు లేరు. చెల్లెలు ఏస్తేరు ఒక ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ రెండు గదుల అద్దింట్లో ఉంటారు.

“ఒచ్చీసినావా ఈస్పరీ! ఏటే, ఇంత సిక్కిపోనావ్!” అంటూ గుమ్మంలోనే నన్ను పట్టుకుంది. కాళ్ళు కడుక్కుని కూర్చోగానే అన్నం, కానాగంతల పులుసు పెట్టింది. విజయవాడలో చేపలు దొరకవని కాదు. ఆ పులుపు దొరకదు.

తింటూ అడిగాను. “అక్కా, కంపెనీ ఎందుకు మూసీసినారు?”

ఆమె గరిటె ఆపింది. “మూసీనేదు. ఆగింది.”

“ఆగడానికీ మూయడానికీ తేడా ఏటి?”

“సాన తేడా ఉంది. మూసీసినారంటే మాకు రావాల్సినవి ఇవ్వాల. ఆగిందంటే ఏటీ ఇవ్వక్కర్నేదు. మళ్ళీ తెరిత్తాం, రండి అంతారు. ఎప్పుడంటే సెప్పరు. ఓనరు అన్నదమ్ములు పంపకాలు పెట్టుకున్నారంట. అందుకే ఆగిందని నా అనుమానం.”

నాలుగు నెలలుగా ఆమె రోజూ పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గరకి వెళ్తోంది. అక్కడ కార్మికులే ఒక పుస్తకం పెట్టుకున్నారు. అందులో సంతకం చేసి మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. పనికి మేం సిద్ధంగానే ఉన్నాం, పని ఇవ్వనిది మీరే అని రేపు చూపించడానికి ఆ పుస్తకమే సాక్ష్యమని ఒక వకీలు చెప్పాడట. ఎవరైనా వేరే పనిలో చేరితే, వీళ్ళంతట వీళ్ళే మానేశారని కంపెనీ అంటుంది. ఒకతను బట్టల కొట్లో చేరితే అతని ఫొటో తీసి దాచారట కూడా.

“ఇంతకీ నువ్వెందుకు ఒచ్చినావు? సుట్టంసూపుకి మంగళారం పూట రావు గదా.”

నేను సంతోషంగా చెప్పేశాను. మా సారుకి ఆపరేటర్ కావాలని, నాయుడిని తీసుకెళ్ళడానికి వచ్చానని. రూతక్క లేచి కంచాలు తీసింది. కుళాయి దగ్గర కడుగుతూ వెనక్కి తిరక్కుండానే అంది. “నాయుడే ఆ పుస్తకం పట్టుకున్నోడు. ఆడెలిపోతే గేటు కాడ ఎవులుంతారు?”

కడిగిన కంచాలు అందుకుని బోర్లించాను. కొంతసేపయ్యాక ఆమే మళ్ళీ అడిగింది. “ఆపరేటరే కావాలన్నాడా మీ సారు?”

“అవునక్కా.”

“ఊఁ” అంది.

ఆ ఊఁలో ఏముందో నాకు అప్పుడే తెలిసి ఉండాలి. ప్రయాణం బడలికలో తొమ్మిదింటికే నిద్రపోయాను.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం గేటు దగ్గరకి నడిచాం. ఇంటినుంచి ఇరవై నిమిషాలు. ఫ్యాక్టరీ బయటికి ఏమీ మారలేదు. లోపల ప్లాస్టిక్ గింజలు కరిగేటప్పుడు వచ్చే తియ్యటి ఘాటు వాసన లేదు, మిషన్ల మోత లేదు. గేటు పక్కన నీలం టార్పాలిన్ కింద నలభైమంది దాకా కూర్చున్నారు. సగంమంది ఆడవాళ్ళు. నా కాలంనాటివాళ్ళు నలుగురు గుర్తుపట్టి చేతులు పట్టుకున్నారు.

అప్పలనాయుడు స్టూలు మీద పుస్తకం పెట్టుకుని సంతకాలు చేయిస్తున్నాడు. ఊరు పద్మనాభం. రోజూ తెల్లారేసరికి బయలుదేరి వస్తాడు, సాయంత్రం వెళ్తాడు. ఫ్యాక్టరీలో చేసిన పద్దెనిమిదేళ్ళూ అలాగే తిరిగాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ నడవకపోయినా అలాగే తిరుగుతున్నాడు.

“ఈస్పరక్కా! ఏ గాలికి కొట్టుకొచ్చినావు?” అని నవ్వాడు. టీ తెప్పించాడు. నేను అసలు మాట ఎత్తేలోపే అతను ఫోను తీసి చూపించాడు.

“ఇది సూడు. మొన్న లక్ష్మోరం క్రేనూ ట్రైలరూ ఒచ్చినాయి. పెద్ద మిషన్ అమ్మీసినారంట. మావందరం గేటుకి అడ్డంగా కూకుంటే ఎనక్కి ఎలిపోనాయి. డ్రైవరు కాడ కాయితానికి ఫొటో తీసినాను. బెజవాడ పార్టీ అంట.”

ఫొటోలో కాగితం మీద చిరునామా ఉంది. ఆటోనగర్, విజయవాడ. పైన మా ఫ్యాక్టరీ పేరు. నేను రోజూ అట్టపెట్టెల మీద అంటించే పేరు.

టీ గ్లాసు కింద పెట్టేశాను. “ఒక్క నిమిషం” అని రోడ్డు దాటి అవతలికి వెళ్ళి సారుకి ఫోన్ చేశాను.

“అవునమ్మా, అదే మిషన్” అన్నారు సారు, ఏమాత్రం తడబడకుండా. “నీకు చెప్పలేదా? చెప్పాననుకున్నాను.”

“ఇక్కడ వీళ్ళు దాన్ని పోనివ్వట్లేదు సార్. అది పోతే ఫ్యాక్టరీ ఇంక తెరవరని వీళ్ళ భయం.”

“తెరవరు గనకే అమ్ముతున్నారు కదమ్మా! నేనేమీ లాక్కోవట్లేదు. ధర కట్టి కొన్నాను. ఇక్కడికొస్తే పదిమందికి పని దొరుకుతుంది. అక్కడే ఉంటే తుప్పు పడుతుంది. ఏది మంచిదో నువ్వే చెప్పు.”

ఆయన మాటలో తప్పు వెతికాను, దొరకలేదు. రోడ్డుకి ఆ పక్క టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్ళ వైపు చూశాను. వాళ్ళలో కూడా దొరకలేదు. ఒక లారీ హారన్ కొడితే పక్కకి జరిగాను.

వెనక్కి వచ్చి నాయుడితో ఉన్నదున్నట్టు చెప్పేశాను. “ఆ బెజవాడ పార్టీ మా సారే. నాకు తెలీదు తమ్ముడూ. ఆ మిషన్ మీద పనికి నిన్ను తీసుకెళ్దామని వచ్చాను.”

వెనకనుంచి ఒకాయన, “అంటే మా మజ్జిన కూకుని మా ఇసయాలు కనుక్కుందారని ఒచ్చిందన్నమాట!” అని గట్టిగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. రూతక్క లేచి నిలబడింది.

“నోరు ముయ్యి. నిన్న నా ఇంట్లో బువ్వ తిన్నాది. తెలిసీ ఒచ్చుంటే ముద్ద దిగేది కాదు.”

నాయుడు మాత్రం నవ్వేశాడు. ఆ నవ్వు నాకు ఇంకా అర్థం కాలేదు. “మిషన్‌ని కొన్నోడు మనిషిని కూడా సామాన్ల లిస్టులో ఏసీసేడేటి అక్కా?” అన్నాడు. తర్వాత మళ్ళీ సంతకాలు చేయించడంలో పడ్డాడు. పదకొండు దాటాక అతనే అన్నాడు. “మద్దిలపాలెం ఎల్దారి రండి. ఆఫీసులో మూర్తిగారున్నారు. అమ్మకం నిజివో కాదో, తెరుత్తారో తెరవరో ఈవేళ అడిగీసెద్దారి.”

నాయుడు, రూతక్క, నేను సిటీ బస్సెక్కాం. మద్దిలపాలెం చేరేసరికి పన్నెండున్నర. బస్సు డిపో ఎదుటి వరసలో ఒక మెస్సులో భోజనం చేశాం. సాంబారు బాగుంటుంది, ఒంటిగంట తర్వాత వెళ్తే చోటు దొరకదు. కంపెనీ ఆఫీసు ఆ పక్క సందులోనే రెండో అంతస్తులో ఉంది. ఒకప్పుడు ఆ అంతస్తంతా వాళ్ళదే. ఇప్పుడు మూడు వంతులు కోచింగ్ సెంటర్. చివరి గదిలో మేనేజర్ మూర్తిగారు ఒక్కరే కూర్చున్నారు. నేను పనిచేసేటప్పుడు ఆయన వస్తున్నారంటే మేం జడలు క్యాపులోకి తోసుకునేవాళ్ళం.

“మూసేశారా సార్? ఆపారా?” అని నాయుడు నిలబడే అడిగాడు.

“రెండూ కాదు నాయుడూ. యాజమాన్యం పునరాలోచనలో ఉంది.”

“మరి మిషన్ ఎందుకు అమ్మినారు?”

“అమ్మారని నాకు కాగితం రాలేదు. అమ్మలేదనీ రాలేదు.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “గింజల రేటు పెరిగింది, కరెంటు పెరిగింది, ఆర్డర్లు తగ్గాయి. ఏది ముందు, ఏది తర్వాత అని నన్నడిగితే నాకూ తెలియదు. ఓనర్లలో పెద్దాయన ఫోన్ ఎత్తడం మానేసి నెలన్నర అయింది.”

ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. మేం లేచాం. తలుపు దాకా వచ్చి, మూర్తిగారు నన్ను మాత్రం ఆపారు. గొంతు తగ్గించి, “మీరు విజయవాడలో చేస్తున్నారటగా. అక్కడ మేనేజర్ల అవసరం ఏమైనా ఉంటుందా?” అని అడిగారు.

“కనుక్కుంటాను సార్” అన్నాను. ఆ సంగతి మిగిలినిద్దరికీ చెప్పలేదు.

రూతక్క పెందుర్తి బస్సెక్కింది. నాయుడు నన్ను వదల్లేదు. “మా ఊరు రా అక్కా. మా ఆవిడ సూత్తానంటాది. రాత్రికి ఉండి పొద్దున్నే ఎల్దువుగాని.” సాయంత్రం నాలుగున్నరకి పద్మనాభం వైపు బస్సు దొరికింది. జాతీయ రహదారి వదిలి లోపలికి తిరిగాక గాలి మారుతుంది. రెండువైపులా వరి చేలు, మధ్యమధ్య కొబ్బరి. పట్నంలో పని ముగించుకుని వచ్చేవాళ్ళతో బస్సు నిండిపోయింది. అందరికీ నాయుడు తెలుసు. “ఏటి బావా, కంపినీ తెరిసినారా?” అని ఒకాయన అడిగాడు. “తెరుత్తారు బావా” అన్నాడు నాయుడు, రోజూ చెప్పే మాటలాగా.

నాయుడి భార్య గౌరి వాకిట్లోనే కాఫీ ఇచ్చింది. నేను ఎందుకొచ్చానో నాయుడే చెప్పాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

“ఎలిపో మరి! ఇంకేటి ఆలోసన?” అంది. “నాలుగు నెల్లయి గేటు కాడ కూకుంతన్నావు. కూకుంటే ఆ గేటుకి కాళ్ళొచ్చి తెరుసుకుంతాదా?”

“నానెల్తే మిషన్ ఎల్తాది. మిషన్ ఎల్తే నలభై మందీ ఇళ్ళకి ఎల్తారు.”

“ఆ నలభై మంది నీకు బువ్వెడతారా?”

“మన బువ్వ మనకుంది గదే” అన్నాడు నాయుడు నెమ్మదిగా.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఏడున్నరకి వడ్డించింది. అన్నం, ఆనపకాయ కూర, మజ్జిగ. తిన్నాక అరుగు మీద కూర్చున్నాం. నాయుడు తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు మాట్లాడాడు.

“అక్కా, నాకు ఎకరం ముప్పావు ఉంది. బియ్యం కొనక్కర్నేదు. సొంతిల్లు. నాను ఇంకో ఏడాది కూకోగల్ను. రూతక్క కూకోలేదు. రెండు నెల్ల అద్దె ఏస్తేరు జీతంతోనే కడతన్నారు. ఎవులికీ సెప్పదు. ఆయమ్మని తీసుకెల్లు.”

“మా సారు ఆపరేటర్ కావాలన్నారు తమ్ముడూ. అక్క ఫినిషింగ్ సెక్షన్ కదా, అంచులు గీరే పని.”

“కాయితం మీద. పెద్ద మిషన్ కాడ పంతొమ్మిదేళ్ళు నిలబడింది ఆ మనిసి. నైట్ షిఫ్టుల్లో మావు కునుకు తీత్తే నడిపింది ఎవులనుకున్నావు? నానైతే గేజీ సూసి సెప్పాల. అక్క సప్పుడు ఇని సెప్పీసేది, నూనె యేడెక్కిపోయిందిరా అని. ఆడమనిసని ఆపరేటర్ అని రాయనేదు, అంతే.”

నేను ఆ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు రూతక్క పక్కనే పనిచేశాను. నాకెప్పుడూ ఆ ఆలోచనే రాలేదు. మంగళవారం మధ్యాహ్నం కుళాయి దగ్గర ఆమె అన్న ఊఁ నాకు అప్పుడు వినబడింది.

గురువారం తెల్లవారి ఆరింటి బస్సుకి బయలుదేరాం. గౌరి గుమ్మం దాకా వచ్చి నాకు బొట్టు పెట్టింది. భర్త వైపు చూడలేదు. పెందుర్తి గేటు దగ్గరకి ఎనిమిదింబావుకి చేరాం. నాయుడు రూతక్కని పక్కకి పిలిచి చెప్పాడు. ఆమె చివరిదాకా విని, ఒక్కసారిగా మండిపడింది.

“నానెల్లడవేటి? నాలుగు నెల్లు ఎండలో కూకుని, ఇప్పుడు మిషన్ ఎత్తుకుపోదారనుకున్నోడి కాడికే పనికెల్లాలా? నా మొకం మీద ఉమ్మరా ఈలందరూ?”

“మిషన్‌ని నానెల్లనివ్వను అక్కా. నువ్వెల్లు. అక్కడ సిన్న మిషన్లున్నాయంట, ముందు ఆటి మీద సెయ్యి.”

“మరి నా పేరు?”

“పుస్తకంలోంచి కొట్టీను. నీ ఇస్టం వొచ్చినప్పుడు ఒచ్చి సంతకం పెట్టు.”

అలా కుదురుతుందా, వకీలు ఒప్పుకుంటాడా, నాకు తెలియదు. నాయుడికీ తెలియదని అతని ముఖం చూస్తే తెలిసింది. టార్పాలిన్ కిందివాళ్ళు వింటున్నారు. నిన్న నన్ను అనుమానించిన ఆయన కాసేపు నేల చూసి, “ఎల్లిరా రూతమ్మా. నీకు అద్దిల్లు గదా” అన్నాడు. అందరికీ తెలిసే ఉందన్నమాట. ఒక్క రూతక్కే ఎవరికీ తెలియదనుకుంది. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చున్నారు. ఒకామె మాత్రం లేచి దూరంగా వెళ్ళి గేటు వైపు తిరిగి నిలబడింది. ఆమె కోపం ఎవరిమీదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నేను సారుకి ఫోన్ చేశాను. మూడుసార్లు చేసినా ఎత్తలేదు. ఆయన ఒప్పుకుంటారో లేదో తెలియకుండానే రూతక్క ఇంటికెళ్ళి బట్టలు సర్దుకుంది. ఏస్తేరు డ్యూటీలో ఉంది. ఫోనులోనే ప్రార్థన చేసి పంపింది. ఆటోలో స్టేషన్ చేరేసరికి పన్నెండూ పది. తిరుగు బండి పన్నెండూ ముప్పావుకి. ఆ వేళకి టికెట్ కౌంటర్ దగ్గర జనం ఉంటారు, అరగంట ముందన్నా వెళ్ళాలి. రూతక్కకి రిజర్వేషన్ లేదు. ఇద్దరం జనరల్ పెట్టెలో ఎక్కి, అనకాపల్లి దాకా నిలబడ్డాం. అక్కడ ఒక కుటుంబం దిగితే చోటు దొరికింది.

ఎలమంచిలి దాటాక ఆమె కిటికీలోంచి చూస్తూనే అంది. “ఈస్పరీ, ఒకటి అడుగుతాను. పెద్ద మిషన్ ఒత్తేనే గదా నాకు అక్కడ పక్కా పని?”

“అవునక్కా.”

“నాయుడు గెలిత్తే మిషన్ రాదు. నాను తిరిగి ఎలిపోవాల. నాయుడు ఓడిపోతే నాకు ఉద్దోగం. అంతే గదా?”

“అంతేలా ఉంది.”

“మరి నాను దేనికోసం ప్రార్థన సెయ్యాలే?”

ఎదుటి సీటు పెద్దావిడ మా ఇద్దరి ముఖాలూ చూసి జామకాయలు కోసిచ్చింది. ఉప్పు కారం అద్దుకుని తిన్నాం.

సామర్లకోట వచ్చేసరికి మూడయింది. అప్పుడు సారు ఫోన్ చేశారు. “బండెక్కావా? ఆపరేటర్ దొరికాడా?”

“దొరికింది సార్.”

“దొరికిందా? ఎవరు?”

చెప్పాను. పంతొమ్మిదేళ్ళ సంగతీ, చప్పుడు వినే సంగతీ అన్నీ చెప్పాను. బండి మోతలో సగం వినబడ్డాయో లేదో. సారు మాత్రం, “రేపు పొద్దున చిన్న మిషన్ మీద నిలబెట్టి చూద్దాం. చూశాకే చెప్తాను” అన్నారు. మిషన్ మాట ఏమైందని అడిగారు. తెలియదన్నాను. మూర్తిగారి సంగతి గుర్తొచ్చింది గానీ చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక రూతక్క నా మోచెయ్యి పట్టుకుంది. “ఏటన్నాడు?”

“రేపు మిషన్ మీద నిలబడమన్నారు. చూశాక చెప్తారట.”

“మిషన్ మీదే గదా? కత్తితో గీరడానికి కాదు గదా?”

“కాదక్కా. మిషన్ మీదే.”

ఆమె వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. రాజమండ్రిలో గోదావరి మీదికి బండి ఎక్కినా తెరవలేదు. నిద్రపోయిందనుకున్నాను. వంతెన దాటాక పెదవులు కదలడం చూశాను. దేనికోసమని అడగలేదు.

విశాఖ ఎలా ఉందని ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు. పెరిగింది అన్నాను. బస్సులు బాగున్నాయి, రోడ్లు వెడల్పయ్యాయి, చేపల పులుసు అలాగే ఉంది అన్నాను. వెళ్ళిన పని అయిందా అంటే మాత్రం, అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. వంటింట్లో రూతక్క నా పిల్లలకి వాళ్ళ ఊరి మాటలు నేర్పుతోంది. వాళ్ళు నవ్వుతున్నారు. మర్నాడు ఏడింటికి షిఫ్టు. ఆమెని లేపాలని ఆరింటికి అలారం పెట్టుకున్నాను. లేచి చూస్తే అప్పటికే తల దువ్వుకుని, జడ ముడి వేసి, గుమ్మంలో చెప్పులు వేసుకుని నిలబడి ఉంది.